బాలల పథకాల్లో సున్నిత సమాచారం: చిన్న ఊళ్లలో పేరు తీసేస్తే సరిపోదు

బాంబూఫ్లాట్ (అండమాన్ నికోబార్ దీవులు): పూర్వపు పోర్ట్ బ్లెయిర్, నేటి శ్రీ విజయ పురంలోని చాథం జెట్టీ నుంచి పడవ ఎక్కితే పావుగంటలో బాంబూఫ్లాట్ చేరుకోవచ్చు. రోడ్డు మార్గాన రావాలంటే ఫెరార్‌గంజ్ మీదుగా పదుల కిలోమీటర్లు చుట్టి రావాలి. అందువల్ల ఉద్యోగికైనా, విద్యార్థికైనా, జిల్లా కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వడానికి బయలుదేరిన తల్లికైనా ఆ పడవే దగ్గరి దారి. ఎవరు ఏ పని మీద వెళ్తున్నారో పక్కన నిలబడినవారికి సులువుగా తెలిసిపోయే ఊరు ఇది. ఇలాంటి చోట ప్రభుత్వ సాయం పొందే ఒక బాలిక వివరాల నుంచి పేరు తొలగించినంత మాత్రాన ఆమె ఎవరో తెలియకుండా పోతుందా అన్నది చిన్న ప్రశ్న కాదు. దేశంలో బాలల సంక్షేమ పథకాలు నడిపే ప్రతి జిల్లా యంత్రాంగమూ త్వరలో దీనికి సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టాన్ని పార్లమెంటు 2023 ఆగస్టులో ఆమోదించింది. దాని నిబంధనలను కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. సమాచారం సేకరించే సంస్థలపై ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల గడువు తరువాత, అంటే 2027 మే నెలలో అమలులోకి రావలసి ఉంది. సంక్షేమ పథకాలు నడిపే ప్రభుత్వ శాఖలు కూడా ఈ చట్టం దృష్టిలో సమాచారానికి బాధ్యత వహించే సంస్థలే.

అర్హతే ఒక రహస్యం

రేషన్ కార్డు ఉన్న కుటుంబం గురించి లోకానికి తెలిసేది ఆ ఇంటి ఆదాయం తక్కువని మాత్రమే. బాలల సహాయ పథకాల సంగతి వేరు. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ నడిపే మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ మంజూరైన బాలలకు నెలకు 4,000 రూపాయలు అందుతుంది. కుటుంబ వార్షికాదాయం గ్రామీణ ప్రాంతాల్లో 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలకు మించకూడదు. అయితే ఆదాయం ఒక్కటే చాలదు. తల్లి వితంతువో, విడాకులు పొందినదో, కుటుంబం విడిచిపెట్టినదో అయి ఉండాలి. లేదా తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో బాధపడుతూ ఉండాలి. లేదా పిల్లలు అనాథలై బంధువుల పంచన చేరి ఉండాలి. హెచ్‌ఐవీ ప్రభావిత బాలలు, అక్రమ రవాణా నుంచి బయటపడినవారు, బాల్య వివాహానికి గురైనవారు, ప్రకృతి విపత్తులకు ఆసరా కోల్పోయినవారు కూడా అర్హులే.

అంటే లబ్ధిదారుల జాబితాలో ఒక పేరు కనిపించడమే ఆ ఇంట్లో ఏదో జరిగిందని చెప్పడం. అర్హత కారణం గడి కూడా పక్కనే ఉంటే ఏం జరిగిందో కూడా చెప్పినట్టే. సాధారణంగా డేటా లీక్ అనగానే ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, డబ్బు పోవడం గుర్తుకు వస్తాయి. బాలల విషయంలో వాటికన్నా పెద్ద నష్టం ఈ ఒక్క గడిలో ఉంది. ఖాతా సంఖ్య బయటపడితే మార్చుకోవచ్చు. తండ్రి ఏ జబ్బుతో చనిపోయాడో, అక్కను ఎక్కడి నుంచి కాపాడి తెచ్చారో బడిలో తెలిసిపోతే దాన్ని వెనక్కి తీసుకునే మార్గం లేదు.

ఒక దరఖాస్తు నడిచే దారి చూస్తే చిక్కు ఎక్కడుందో అర్థమవుతుంది. కుటుంబ పరిస్థితిని మొదట గమనించేది తరచూ అంగన్‌వాడీ కార్యకర్త, ఉపాధ్యాయుడు లేదా పంచాయతీ స్థాయి బాలల సంరక్షణ కమిటీ. అక్కడి నుంచి విషయం జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి చేరుతుంది. ఆ విభాగం సిబ్బంది ఇంటికి వెళ్లి సామాజిక విచారణ నివేదిక రాస్తారు. బాలల సంక్షేమ సమితి, జిల్లా మేజిస్ట్రేట్ నేతృత్వంలోని ఆమోద కమిటీ దాన్ని పరిశీలిస్తాయి. మంజూరయ్యాక సొమ్ము బ్యాంకు ఖాతాకు వెళ్తుంది. ఆ తరువాత బాలుడు బడికి వెళ్తున్నాడా లేదా అన్న సమాచారం కార్యాలయానికి తిరిగి రావాలి.

ఈ చేతుల్లో ప్రతి ఒక్కరికీ కావలసింది వేరు. విచారణ జరిపేవారికీ, నిర్ణయం తీసుకునేవారికీ కారణం తెలియక తప్పదు. బ్యాంకుకు ఖాతా సంఖ్య, మొత్తం చాలు. బడికి ఆ విద్యార్థి హాజరు పంపమన్న కోరిక చాలు. పంచాయతీకి తాను పంపిన దరఖాస్తు తేలిందో లేదో తెలిస్తే చాలు. ఫైలులోని భాగాలు విడదీసి పంపడం కన్నా మొత్తం పంపడం తేలిక కాబట్టి, అందరికీ అన్నీ చేరిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. జాబితాను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం అన్నిటికన్నా తేలిక. కార్యాలయ వ్యవస్థలో ఆ ఫొటోను ఎవరు చూశారో నమోదు ఉండదు, తొలగించే అధికారం ఎవరికీ ఉండదు.

పాస్‌బుక్‌లో అచ్చయ్యే ఒక్క పదం కూడా లెక్కలోకి వస్తుంది. జమ వివరం దగ్గర పథకం పేరుకు బదులు ఫలానా వ్యాధి బాధితుల సహాయం అని పడితే, బ్యాంకులో వరుసలో నిలబడినవారికీ ఇంటి సంగతి తెలుస్తుంది. హెచ్‌ఐవీ విషయంలో ఇది మర్యాదకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం ఒక వ్యక్తి హెచ్‌ఐవీ స్థితిని వారి సమ్మతి లేకుండా వెల్లడించడం, చట్టం చెప్పిన కొద్ది సందర్భాల్లో తప్ప, నిషిద్ధం. అలాంటి రికార్డులు ఉంచే ప్రతి సంస్థా వాటి రక్షణకు ఏర్పాట్లు చేయాలి. సంక్షేమ కార్యాలయపు బీరువాకూ, కంప్యూటరుకూ ఇది వర్తిస్తుంది.

చిన్న సంఖ్యల చిక్కు

దీవుల్లో ఈ సమస్య మరింత ముదురుతుంది. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తరువాత ఎక్కువమంది మాతృభాష తెలుగే. జనాభాలో వారి వాటా సుమారు 13 శాతం. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వీరిలో గణనీయం. రాజధానిలోని జంగ్లీఘాట్ అందుకు ప్రసిద్ధం. ఇప్పుడు ఒక పట్టికను ఊహించవచ్చు. ఊరు: బాంబూఫ్లాట్. మాతృభాష: తెలుగు. లింగం: బాలిక. తరగతి: తొమ్మిది. సాయం: స్పాన్సర్‌షిప్. ఇందులో పేరు లేదు, ఆధార్ లేదు, ఇంటి నంబరు లేదు. అయినా ఆ వివరాలకు సరిపోయే బాలిక ఊరిలో ఒక్కతే అయితే ఆ పట్టిక ఆమె పేరు చెప్పినట్టే. హైదరాబాద్‌లో ఇవే గడులు వేలమందికి సరిపోతాయి. అక్కడ గోప్యమైనది ఇక్కడ బహిరంగం.

ఇదే దీవుల్లో దీనికి మరింత తీవ్రమైన ఉదాహరణ ఉంది. 2011 జనగణనలో గ్రేట్ అండమానీస్ తెగ జనాభా 44, ఓంగేల జనాభా 101. అంత చిన్న సమూహంలో బరువు తక్కువ ఉన్న పిల్లలు ఎంతమంది అన్న గడిలో ఒకటి అని రాస్తే అది గణాంకం కాదు, ఒక బిడ్డ ఆరోగ్య నివేదిక. గణాంకాలు ప్రచురించే సంస్థలు చాలా దేశాల్లో దీనికి ఒక పద్ధతి పాటిస్తాయి. గడిలో సంఖ్య ఐదు లేదా పది కన్నా తక్కువ ఉంటే దాన్ని చూపకుండా, పక్క ఊళ్లతోనో జిల్లా మొత్తంతోనో కలిపి ఇస్తాయి. మొత్తం నుంచి మిగిలినవాటిని తీసివేసి దాచిన సంఖ్యను కనిపెట్టే వీలు లేకుండా మరో గడిని కూడా దాస్తాయి. సంక్షేమ శాఖల నెలవారీ నివేదికలకు ఈ జాగ్రత్త పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

దీవుల సమాచారం వేగంగా బయటికి ప్రయాణించడం ఇటీవలి పరిణామమే. చెన్నై నుంచి దీవులకు వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అంతకుముందు ఉపగ్రహ అనుసంధానమే ఆధారం. మరుసటి ఏడాదే అంగన్‌వాడీల వివరాల కోసం పోషణ్ ట్రాకర్ యాప్ దేశమంతటా వచ్చింది. రిజిస్టరులో ఉండే పిల్లల ఎత్తు, బరువు, గర్భిణుల వివరాలు ఇప్పుడు ఫోనులో నమోదై కేంద్ర సర్వరుకు చేరుతున్నాయి. దేశవ్యాప్తంగా సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలు దీన్ని వాడుతున్నాయి. ఇంటికి ఇచ్చే పోషకాహారానికి 2025 జులై 1 నుంచి ముఖ గుర్తింపు కూడా తప్పనిసరి చేశారు. పాత రిజిస్టరును దొంగిలించాలంటే కేంద్రం తాళం పగలగొట్టాలి, అప్పుడు పోయేది ఒక వాడ సమాచారం. అయితే పాత పద్ధతే మేలని అనుకోవడం పొరపాటు. ఆ రిజిస్టరును ఎవరు తిరగేశారో ఎవరికీ తెలిసేది కాదు. కంప్యూటరు సరిగా అమర్చితే ప్రతి చూపునూ గుర్తుపెట్టుకుంటుంది. కొత్త నిబంధనలు కూడా ఈ చూపుల నమోదును కనీసం ఏడాది భద్రపరచమంటున్నాయి.

రెండు సీడీల కథ

అవసరమైనంతే పంపాలన్న సూత్రం పాటించకపోతే ఏమవుతుందో చెప్పడానికి బ్రిటన్ ఉదంతాన్ని మించినది లేదు. అక్కడ పిల్లలున్న కుటుంబాలకు ఇచ్చే భృతిని పన్నుల శాఖ నిర్వహిస్తుంది. 2007 అక్టోబరులో ఆ శాఖ ఉత్తర ఇంగ్లండ్ కార్యాలయం నుంచి లండన్‌లోని జాతీయ ఆడిట్ కార్యాలయానికి రెండు సీడీలు పంపారు. వాటిలో దాదాపు 2.5 కోట్ల మంది వివరాలు, అంటే భృతి పొందే సుమారు 72.5 లక్షల కుటుంబాల సమాచారం ఉంది. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామాలు, తల్లిదండ్రుల బ్యాంకు ఖాతాలు అన్నీ అందులోనే. సీడీలకు పాస్‌వర్డ్ ఉంది కానీ ఎన్‌క్రిప్షన్ లేదు. సాధారణ కొరియరులో, నమోదు కూడా లేకుండా వెళ్లిన ఆ కవరు గమ్యం చేరలేదు. పోలీసులు వెతికినా దొరకలేదు. నవంబరు 20న ఆర్థిక మంత్రి ఆలిస్టర్ డార్లింగ్ పార్లమెంటులో విషయం చెప్పారు. పన్నుల శాఖ అధిపతి పాల్ గ్రే రాజీనామా చేశారు.

ఈ కథలో ఎక్కువమంది మరచిపోయే భాగం ఒకటుంది. చిరునామాలు, బ్యాంకు వివరాలు, తల్లిదండ్రుల వివరాలు తమకు అవసరం లేదని ఆడిట్ కార్యాలయం ఆ ఏడాది మార్చిలోనే తెలియజేసింది. వాటిని విడదీయడానికి అదనపు ఖర్చు కావచ్చన్న కారణంతో పన్నుల శాఖ మొత్తం పంపింది. నమూనాగా కొన్ని కుటుంబాల వివరాలతో సరిపోయే ఆడిట్ కోసం దేశంలోని పిల్లలందరి వివరాలు తపాలా కవరులో ప్రయాణించాయి. అక్కడ ఎవరూ చొరబడలేదు, హ్యాకింగ్ జరగలేదు. అడిగినదానికన్నా ఎక్కువ ఇవ్వడమే జరిగింది.

డేటాబేసులు కలిసినప్పుడు

తెలుగు రాష్ట్రాల అనుభవం మరో కోణం చూపిస్తుంది. 2017 మేలో బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ వెలువరించిన నివేదిక, నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో కోట్లాది ఆధార్ సంఖ్యలు బహిరంగంగా కనిపిస్తున్నాయని తెలిపింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ చెల్లింపులు, చంద్రన్న బీమా సైట్లు ఉన్నాయి. పారదర్శకత కోసం పెట్టిన జాబితాలే ఆ దారి తెరిచాయి.

తెలంగాణలో సమగ్ర వేదిక పేరుతో వివిధ శాఖల సమాచారాన్ని పేరు, చిరునామా పోలికలతో కలిపి కుటుంబాల అర్హత నిర్ణయించడానికి వాడారు. 2014 తరువాత రాష్ట్రంలో దాదాపు 19 లక్షల ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. క్షేత్రస్థాయి విచారణ లేకుండా కంప్యూటరు లెక్కలతోనే తొలగించారన్న ఫిర్యాదుపై సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. పునఃపరిశీలనలో వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. ఒకే పేరున్న వేరొకరి కారు తన పేరున చూపిస్తే పేద కుటుంబం రేషన్ కోల్పోతుంది, దానితోపాటు ఆ ఇంటి పిల్లల భోజనం కూడా. ఆంధ్రప్రదేశ్‌లో తల్లుల ఖాతాలో వేసే విద్యా సాయానికీ కరెంటు వాడకం 300 యూనిట్లు దాటిందా, నాలుగు చక్రాల వాహనం ఉందా వంటి ప్రశ్నలకు ఇతర శాఖల డేటాబేసులే సమాధానం చెబుతున్నాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సంక్షేమ శాఖకు కావలసింది ఆ ఇంటి పన్నెండు నెలల కరెంటు బిల్లులు కాదు, పరిమితి దాటిందా లేదా అన్న ఒక్క మాట. విద్యుత్ సంస్థ తన వద్దే లెక్క చూసి అవును లేదా కాదు అని చెబితే పని జరుగుతుంది. అదే పద్ధతిలో ఆసుపత్రి రోగం పేరు చెప్పకుండా, దరఖాస్తుదారు పథకంలోని ఆరోగ్య నిబంధనకు సరిపోతారని ధ్రువీకరించవచ్చు. మూల సమాచారం పుట్టినచోటే ఉండిపోతుంది, ప్రయాణించేది సమాధానం మాత్రమే. సమాధానం తప్పయితే సరిదిద్దే దారి కూడా ఉండాలి. కాదు అన్న జవాబు వచ్చిన ప్రతి కుటుంబానికీ అది ఎవరు చెప్పారో, ఎక్కడ అభ్యంతరం తెలపాలో తెలియజేయకపోతే, గోప్యత పేరుతో తప్పులను దాచినట్టవుతుంది.

చట్టం ఏమంటోంది

బాలల గోప్యతకు దేశంలో ఇప్పటికే గట్టి చట్టం ఉంది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్, సంరక్షణ అవసరమైన బాలలను గుర్తుపట్టేందుకు వీలిచ్చే పేరు, చిరునామా, బడి లేదా మరే వివరమైనా ప్రచురించడాన్ని నిషేధిస్తోంది. ఉల్లంఘనకు ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. మరే వివరమైనా అన్న మాటే చిన్న ఊళ్లకు రక్ష. కోవిడ్ రెండో విడతలో, 2021 మేలో, తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలను దత్తత తీసుకోండంటూ సామాజిక మాధ్యమాల్లో సందేశాలు తిరిగాయి. జూన్ 7న సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, బాలల గుర్తింపు వెల్లడిస్తూ విరాళాలు సేకరించేవారిపై, అక్రమ దత్తతలకు పాల్పడేవారిపై చర్యలు తీసుకోవాలని రాష్ట్రాలను ఆదేశించింది. అనాథ పిల్లల జాబితా తప్పుడు చేతుల్లో పడితే అది అక్రమ రవాణాదారులకు చిరునామాల పుస్తకమే.

కొత్త డేటా చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారందరినీ బాలలుగానే చూస్తుంది. వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి కావాలి, వారి కదలికలను, ప్రవర్తనను పసిగట్టకూడదు. అయితే బాలల మేలు కోసం ప్రభుత్వం ఇచ్చే సాయం, సేవల విషయంలో, అవసరమైన మేరకు, నిబంధనలు ఈ షరతులను సడలించాయి. ఇది అర్థం చేసుకోదగినదే. తండ్రే పిల్లను హింసిస్తున్న ఇంట్లో తండ్రి సమ్మతి కోసం ఎదురుచూడలేరు. కానీ సడలింపుతో పాటు కొన్ని ప్రమాణాలూ పెట్టారు. చెప్పిన ప్రయోజనానికే వాడాలి, అవసరమైనంతే తీసుకోవాలి, అవసరం ఉన్నంత కాలమే ఉంచాలి, భద్రత కల్పించాలి, ప్రశ్నలకు జవాబిచ్చే వ్యక్తి వివరాలు తెలపాలి. సమాచారం బయటికి పొక్కితే బాధితులకు ఆలస్యం లేకుండా, డేటా పరిరక్షణ బోర్డుకు పూర్తి వివరాలు 72 గంటల్లో తెలియజేయాలి. భద్రతా చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది.

ఆధార్ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆధార్ లేదనో, ధ్రువీకరణ విఫలమైందనో బాలలకు సాయం నిరాకరించరాదని 2018 సెప్టెంబరు 26 నాటి సుప్రీంకోర్టు తీర్పు, 2019 నాటి చట్ట సవరణ స్పష్టం చేశాయి. క్షేత్రంలో ఈ మాట తెలియని సిబ్బంది ఇంకా ఉన్నారు.

గోప్యతకూ పారదర్శకతకూ మధ్య తగవు మాత్రం తేలలేదు. లబ్ధిదారుల జాబితా గోడ మీద అతికిస్తే అనర్హుల పేర్లు బయటపడతాయి, సామాజిక తనిఖీకి అదే ఆధారం. కొత్త చట్టం సమాచార హక్కు చట్టంలోని వ్యక్తిగత సమాచార మినహాయింపును విస్తరించింది. దాన్ని అడ్డం పెట్టుకుని అధికారులు అక్రమాలను కప్పిపుచ్చుతారని హక్కుల కార్యకర్తలు ఆందోళన చెందుతున్నారు. ఆ ఆందోళనలో నిజం ఉంది. రేషన్ వంటి సాధారణ పథకాల్లో జాబితా బహిరంగంగా ఉండటమే మేలు. స్పాన్సర్‌షిప్ వంటివాటిలో ఎంతమందికి మంజూరైంది, ఎన్ని దరఖాస్తులు ఎన్నాళ్లుగా పెండింగులో ఉన్నాయి, ఎంత ఖర్చయింది అన్నవి జిల్లా స్థాయిలో ప్రకటించి, వ్యక్తిగత ఫైళ్లను గోప్యతకు కట్టుబడిన తనిఖీదారులకే చూపించవచ్చు. రెంటినీ ఒకే గాటన కట్టడమే ఇప్పటిదాకా జరిగిన పొరపాటు.

పద్దెనిమిది నిండాక

స్పాన్సర్‌షిప్ సాయం పద్దెనిమిదేళ్లతో ముగుస్తుంది. ఆ తరువాత ఫైలు ఏమవుతుంది? చిన్నతనంలో ఆధార్ తీసుకున్నవారు పద్దెనిమిది నిండిన ఆరు నెలల్లోగా దాన్ని రద్దు చేయించుకునే హక్కు ఉంది. సంక్షేమ ఫైలుకు అలాంటి సూటి మార్గం లేదు. డేటా చట్టం 17వ సెక్షన్ సమాచారాన్ని తుడిచివేయాలన్న బాధ్యత నుంచి ప్రభుత్వాన్ని మినహాయించింది. అవసరం తీరాక ఉంచరాదన్న ప్రమాణం మాత్రం నిబంధనల్లో ఉంది. ఈ రెంటి మధ్య ఖాళీని పూరించాల్సింది శాఖల సొంత ఉత్తర్వులే. ఆడిట్ కోసం చెల్లింపుల లెక్క కొన్నేళ్లు ఉంచవలసిందే. కానీ ఇంటి విచారణ నివేదిక, వైద్య పత్రాలు అంతకాలం ఉంచనక్కరలేదు. రెంటినీ మొదటి రోజు నుంచే వేర్వేరు ఫైళ్లలో పెడితేనే తరువాత ఒకదాన్ని మాత్రమే తొలగించడం సాధ్యం.

చట్టం పూర్తిగా అమలులోకి వచ్చాక తమ సమాచారం ఎవరెవరికి వెళ్లిందో అడిగే హక్కు తల్లిదండ్రులకు, సంరక్షకులకు ఉంటుంది. సమ్మతి ఇచ్చి అందించిన వివరాల సారాంశం, వాటిని పంచుకున్న ఇతర సంస్థల పేర్లు కోరవచ్చు. తప్పులు సరిదిద్దమనవచ్చు. మొదట ఆ శాఖకే ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు పరిష్కారానికి నిబంధనలు గరిష్ఠంగా 90 రోజులు ఇచ్చాయి. అప్పటికీ జవాబు రాకపోతే డేటా పరిరక్షణ బోర్డుకు ఆన్‌లైన్‌లో వెళ్లవచ్చు. ఆ ఫిర్యాదు కోసం బాంబూఫ్లాట్ వాసి పడవ ఎక్కనవసరం లేదు.